సాక్ష్యం మావయ్య

ఆ చర్చి సంఘంలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్దలకూ పిల్లలకూ అతను సాక్ష్యం మావయ్యే. వారమంతా గేట్లూ గ్రిల్లులూ అతికే వెల్డరు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని మైకు ముందు నిలబడితే మాత్రం జనం కన్నార్పకుండా వినేవాళ్లు. తానెంత తాగుబోతో, పెళ్లాం మీద ఎలా చెయ్యి చేసుకునేవాడో, తాగిన మైకంలో పధ్నాలుగేళ్ల కూతురి మోచెయ్యి ఎలా విరిచాడో, ఆ తర్వాత ప్రభువు తనను ఎలా లేవదీశాడో చెప్పేవాడు. చెప్పగా చెప్పగా ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు తుడుచుకోవాలో కంఠతా వచ్చేసింది. అది దొంగ ఏడుపని అనలేం. కానీ నిజమైన ఏడుపైనా ప్రతిసారీ ఒకే మాట దగ్గర వస్తుంటే, వినేవాడికి కాకపోయినా ఏడ్చేవాడికైనా అనుమానం రావాలి. అతనికి రాలేదు.

చివర్లో ఎప్పుడూ ఒకటే మాట. "ఆ పాత మనిషి చచ్చిపోయాడు. మీ ముందున్నది కొత్త మనిషి." జనం స్తోత్రం అనేవాళ్లు. పక్క సంఘాల నుంచి కూడా పిలుపులొచ్చేవి. ఇదేం విడ్డూరమో గానీ, బుద్ధిగా బతుకుతున్నందుకు దక్కని గౌరవం ఒకప్పుడు బుద్ధి లేకుండా బతికిన కథ చెప్పినందుకు దక్కింది.

భార్య ఈ కొత్త మనిషిని చూడకుండానే కన్నుమూసింది. కూతురు విరిగిన చేత్తోనే పిన్ని ఇంటికి చేరి, అక్కడే పెరిగి, కుట్టుపని నేర్చుకుంది. ఇప్పుడు ఒక దుకాణం పైన మేడగదిలో భర్తతో కాపురం. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేదు. పొడుగు బట్ట కుట్టాల్సి వస్తే అవతలి కొసను కుర్చీ మీద ఆనించి, నడుముతో కుర్చీని జరుపుకుంటూ కుడుతుంది. తండ్రితో మాట్లాడి ఏళ్లయింది. ఆమె ఒక్కసారి తనను గడప లోపలికి రానిస్తే చాలునని అతని ఆశ. అది అడగని ప్రార్థన లేదు. ఆ సంగతి మాత్రం మైకులో చెప్పేవాడు కాదు.

అతను కాళ్లావేళ్లా పడగా పడగా పిన్ని మెత్తబడింది. మీ నాన్న నిజంగానే మారాడే, ఒక్కసారి వచ్చి నీ కళ్లతో చూడు, ఆ తర్వాత నీ ఇష్టం అని నచ్చజెప్పి, ఒక ఆదివారం ఆమెను తీసుకొచ్చింది. ఇద్దరూ ఆడవాళ్ల వైపు చివరి బెంచీలో కూర్చున్నారు. అతను ఆమెను చూశాడు. ఆ రోజు నోరు మూసుకుని ఒక మూల కూర్చుంటే సరిపోయేది. కానీ మైకు అలవాటైన నోరు ఊరుకుంటుందా? పాస్టరుగారు పిలిచారు, లేచాడు. పాత కథంతా చెప్పి, మోచెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయాడు.

"ఆ బిడ్డ ఈ రోజు ఇక్కడే ఉంది. లేమ్మా, ఒక్కసారి లేచి నిలబడు. దేవుడు చేసిన మేలు అందర్నీ చూడనీ."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు. ఆమె లేచింది. కొంగు ఎడమచేతి మీదికి లాక్కుని తిన్నగా బయటికి నడిచింది.

అతను పరుగున వెళ్లి మెట్ల దగ్గర అందుకున్నాడు. ఆమె ఏడవడం లేదు, అరవలేదు కూడా.

"నన్ను కొట్టినవాడు చచ్చిపోయాడంటున్నావు. దేవుడు క్షమించేశాడంటున్నావు. వీళ్లు చప్పట్లు కొడుతున్నారు. మరి నేనెవర్ని అడగాలి?" అంది. "ఆ చచ్చినవాడితో నాకింకా పనుంది."

వెళ్లిపోయింది. ఆ వారమంతా అతను అతికిన చోటే మళ్లీ అతికాడు. యజమాని నాలుగు తిట్టాడు. తిట్లు చెవికెక్కలేదు. ఇన్నేళ్లుగా ఎంతమంది ముందు ఆ పిల్ల చెయ్యి విరిచానో కదా అని మొదటిసారి తోచింది. ఆ ఆలోచనకు సిగ్గుతో చచ్చిపోయాడు.

మరుసటి ఆదివారం పాస్టరుగారు పిలిస్తే లేచి, తాను ఇదివరకు చెప్పిన సాక్ష్యంలో ఒక అబద్ధం ఉందనీ, కూతురి చెయ్యి విరిచిన రోజు తాను చుక్క తాగలేదనీ చెప్పాడు. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. తాగుబోతును క్షమించడం సులువు, తప్పంతా సీసా మీదికి నెట్టేయొచ్చు. తాగనివాణ్ని ఏం చెయ్యాలి? పాస్టరుగారు మంచివారే. గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. ఆ తర్వాత అతన్ని మైకు ముందుకు పిలవలేదు.

ఆ సాయంత్రమే కూతురి గది తలుపు తట్టాడు. ఆమె తలుపు సగం తీసి, అడ్డంగా నిలబడింది.

"అక్కడేదో చెప్పావటగా. పిన్ని చెప్పింది. నాకు చెప్పు."

మైకు లేకపోయేసరికి అతనికి మాటలు దొరకలేదు. తలుపు చెక్కను చూస్తూ అన్నాడు.

"ఆ రోజు నేను తాగలేదమ్మా."

"తెలుసు. వాసన రాలేదు."

"మంచినీళ్లు తెమ్మన్నాను. చదువుకుంటున్నాను, తేనన్నావు. నన్నే కాదంటావా అనుకున్నాను. అంతకుమించి ఏమీ లేదు. సైతానూ లేడు, ఎవడూ లేడు. నేనే విరిచాను. ఆ విరిచినవాణ్ని నేనే."

ఇన్నేళ్లూ ఆమెకు కావలసింది ఆ మాటే. వచ్చాక చూస్తే దానివల్ల చెయ్యేమీ తిన్నగా కాలేదు, అమ్మా తిరిగి రాలేదు. తనకు కోపం తగ్గలేదని తెలిసి ఆమెకే భయం వేసింది.

"లోపలికి రానా?" అన్నాడు.

"వద్దు నాన్నా."

"పోనీ, ఇంకెప్పుడైనా..."

"వద్దు. మళ్లీ రావద్దు."

అతని మెడ మీద నరం ఉబ్బింది. ఆమె అది చూసి, తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె వెనక్కి తగ్గడం అతను చూశాడు.

"సరేనమ్మా," అన్నాడు, కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు.

ఆమె కాదంటే అతను సరేననడం, ఆ ఇద్దరి బతుకుల్లో అదే మొదటిసారి.