డీటన్న కడబంతి

మా డీటన్న గోల్ కొట్టడు. కొట్టలేక కాదు, కొట్టడు. ఎదురుగా గోల్‌పోస్టు ఖాళీగా ఉన్నా, గోల్‌కీపరు వంగి బూటు లేసు కట్టుకుంటున్నా, ఆయన పక్కకి చూసి బంతి ఇంకెవరికో ఇచ్చేస్తాడు. జర్మనీలో రెండో డివిజన్‌లో కొన్నేళ్ళు, ఆ తర్వాత అమెరికాలో దివాలా తీసిన ఒక లీగ్‌లో కొన్నేళ్ళు, జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడిన మనిషి. అన్నేళ్ళలోనూ ఆయన పేరు మీద ఒక్క గోల్ లేదు. ఇదేమిటని అడిగితే "నేను మిడ్‌ఫీల్డర్ని" అంటాడు, మనం "నేను శాకాహారిని" అన్నంత నిబ్బరంగా. ఇంకా గట్టిగా నిలదీస్తే "నాది వచ్చే వారం" అంటాడు. ఆయన అనేది ఇంగ్లిషులోనే గానీ, నాకు మాత్రం ఎప్పుడూ తెలుగులోనే వినిపిస్తుంది.

అసలు పేరు డీట్‌మార్ వోల్‌బ్రాంట్. అరవైకి దగ్గరపడ్డాడు. తాటిచెట్టంత పొడుగు, ఎడమ మోకాలికి ఎప్పుడూ పట్టీ. అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో సైకిళ్ళ షాపు నడుపుతాడు. మేమంతా ఇక్కడున్న ఒక పెద్ద కంపెనీ హెడాఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళం. మా జట్టు ఆట మీద ప్రేమతో పుట్టింది కాదు, కొలెస్టరాల్ రిపోర్టుల్లోంచి పుట్టింది. ఒక ఆదివారం పొద్దున్న మేం పార్కులో బంతి వెనక గుంపుగా పడుతుంటే, అటు వెళ్తున్న డీటన్న సైకిల్ ఆపాడు. కాసేపు చూసి, మీరు ఆడుతున్నట్టు లేదు, బస్సు కోసం పరిగెత్తుతున్నట్టుంది అన్నాడు. సైకిల్ చెట్టుకి ఆనించి వచ్చి గ్రౌండు మధ్యలో నిలబడ్డాడు. ఆ నిలబడ్డవాడు అయిదేళ్ళయినా అక్కడినుంచి కదల్లేదు.

మిడ్‌ఫీల్డర్ అంటే ఏమిటో మాకు అర్థమయ్యేలా చెప్పింది లక్ష్మీపతి గారు. మా జట్టులో ఆయనే పెద్ద. "భోజనాల దగ్గర వడ్డించేవాడండీ. వంటింట్లోంచి తెస్తాడు, విస్తట్లో వేస్తాడు, తను మాత్రం తినడు" అన్నారు. ఇంతా చెప్పిన లక్ష్మీపతి గారు మైదానంలో ఒక మూల నిలబడేవారు. బంతి ఆయన దగ్గరికి వెళ్ళేది కాదు, ఆయన బంతి దగ్గరికి వెళ్ళేవారు కాదు. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకుంటూ కాలం గడిపేశారు.

బంతి కావాలంటే మావాళ్ళకి "పాస్" అని అరవడం రాదు. "అన్నా, అన్నా" అని అరుస్తారు. కడపవాడూ అంతే, కరీంనగర్‌వాడూ అంతే. రాష్ట్రం రెండయ్యాక కూడా ఉమ్మడిగా మిగిలినవాటిలో అదొకటి. ఇది విని విని, తెలుగులో అన్నా అంటే "ఇటివ్వు" అని డీటన్న తీర్మానించుకున్నాడు. ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయిని "బిల్లు అన్నా" అని అడుగుతాడు. తలా ఒకటి వండి తెచ్చుకునే పాట్‌లక్‌లో మా ఆవిడ ఉమ ముందు ప్లేటు చాచి "పులిహోర అన్నా" అంటాడు. మొదటిసారి ఉమ వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఎవరైనా మగవాళ్ళు ఉన్నారేమోనని. తప్పు సరిదిద్దడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు. మా భాష మాట్లాడే జర్మన్ మాకు ఒక్కడే ఉన్నాడు మరి.

ఒకసారి మా పిల్లాడి సైకిల్ బాగుచేయించడానికి షాపుకి వెళ్ళాను. గోడ మీద ఒక ఫొటో ఉంది. బురద జెర్సీలో కుర్ర డీటన్న, ఆయన భుజాల మీద పళ్ళూడిన పాప. ఎవరని అడిగితే, కూతురన్నాడు. పేరు అన్నా. పలకడంలో కాస్త తేడా, పేరు మాత్రం అదే. ఆ పాప ప్రతి మ్యాచ్‌కీ మైదానం గీత పక్కన కూర్చుని నాన్నని ఒక్క గోల్ కొట్టమని అడిగేదట. ఈయన వచ్చే వారం అనేవాడట. ఆ పాపకి తొమ్మిదేళ్ళప్పుడు ఈయన అమెరికా వచ్చాడు. తల్లి రానంది. రెండేళ్ళలో తిరిగొస్తానని చెప్పి వచ్చిన మనిషికి లీగ్ దివాలా తీసింది, మోకాలు పోయింది, షాపు మొదలైంది. మధ్యలో ఈయన వెళ్ళి చూసొచ్చాడు గానీ, ఆ అమ్మాయి ఇటు ఎప్పుడూ రాలేదు. చెయిన్‌కి నూనె వేస్తూ ఇదంతా చెప్పి, బ్రేకులు కూడా మార్చాలి అన్నాడు. వెళ్తే వీసా స్టాంపింగ్ కాక తిరిగి రాలేమేమోనన్న భయంతో ఊరు వెళ్ళకుండా ఏళ్ళు గడిపినవాళ్ళం, వచ్చే వారం అనే మాట మాకు కొత్తేమీ కాదు.

ఈ వేసవిలో అన్నా వస్తోందని తెలిసింది. జట్టంతా నా గరాజ్‌లో సమావేశమైంది. ఆదివారం మ్యాచ్‌కి డీటన్న కూతుర్ని తీసుకొస్తాడు. ఆ పిల్ల చూస్తుండగా ఆయన ఒక్క గోల్ కొట్టాలి. అంతకన్నా మాకు ఇంకేమీ అక్కర్లేదు. అవతలి జట్టు పక్కూరు ఫేయట్‌విల్‌లో ఎమ్మెస్ చేస్తున్న కుర్రాళ్ళు. వాళ్ళ గోల్‌కీపర్ కౌస్తుభ్, ఒక ట్రే బిర్యానీకి బంతి రాకముందే పక్కకి దూకడానికి ఒప్పుకున్నాడు. మా వైపు నియమం ఒక్కటే. ఎవరూ అన్నా అనకూడదు. ఆ మాట వినబడితే బంతి అటు పోతుంది.

నిజానికి అదే ఆదివారం లక్ష్మీపతి గారికి ఇక్కడ ఆఖరాట. ప్రాజెక్ట్ పోయింది, వీసా గడువులోగా ఇంకొకటి దొరకలేదు, బుధవారం కుటుంబంతో సహా ఇండియా ఫ్లైట్. కేకు తెద్దామనుకున్నాం. అన్నా హడావిడిలో పడి ఆ సంగతి అందరం మర్చిపోయాం. ఆయన గుర్తు చేసే రకం కాదు.

తెలుగువాళ్ళు పదిమంది నోరు మూసుకుని ఒక పని చేయడం ఆ రోజే చూశాను. బంతి కావలసినవాడు చేతులూపేవాడు, కళ్ళెగరేసేవాడు, ఒకడైతే చప్పట్లు కొట్టబోయి నాలుక కరుచుకున్నాడు. ఎవరైనా పోయారా అని అవతలి కుర్రాళ్ళు మెల్లగా అడిగారు. డీటన్న మాత్రం ఆట పొడుగునా దిక్కులు చూస్తూనే ఉన్నాడు, ఏదో వినబడటం లేదన్నట్టు. మైదానం గీత పక్కన అన్నా నిలబడింది. తండ్రి పొడుగే వచ్చింది.

ఆఖరి నిమిషాల్లో బంతి డీటన్న కాళ్ళ దగ్గరికి చేరింది, గోల్ ముందే. కౌస్తుభ్ ముందుగానే దూకేశాడు. బిర్యానీ మీద ధ్యాసతో మరీ ముందుగా దూకి, పడి, లేచి, మళ్ళీ పడ్డాడు. పోస్టు ఖాళీ. డీటన్న ఆగాడు. గోల్ కేసి చూశాడు. కూతురి కేసి చూశాడు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన కాలు వెనక్కి లేచింది. అప్పుడు గోల్ పక్క మూలకి చూశాడు. అక్కడ లక్ష్మీపతి గారు, నియమం ప్రకారం నోరు మెదపకుండా, చెయ్యి కూడా ఎత్తకుండా నిలబడి ఉన్నారు.

"అన్నా" అని పిలిచాడు డీటన్న. పిలిచి, బంతి ఆయన ముందుకి దొర్లించాడు.

లక్ష్మీపతి గారు ఉలిక్కిపడి కాలు అడ్డం పెట్టారు. బంతి ఆయన బూటు మొనకి తగిలి, ఎగిరి, దొర్లి, ఎవరినో అడ్రస్ అడుగుతున్నట్టు వంకరగా వెళ్ళి లోపల పడింది. ఏం చేయాలో తోచక ఆయన కిందపడి ఉన్న కౌస్తుభ్‌కి నమస్కారం పెట్టారు. మేం పరిగెత్తి ఆయన్ని ఎత్తుకునేసరికి ఆ కళ్ళు తడిగా ఉన్నాయి. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదండీ" అన్నారు. "నా కడబంతి నాకు అందింది."

నాకు ఒళ్ళు మండింది. కూతురు చూస్తుండగా కూడా ఇలాగేనా అని డీటన్న మీద పడ్డాను.

"నాది వచ్చే వారం" అన్నాడు. "ఆయనకి వచ్చే వారం లేదు కదా."

ఇంతలో అన్నా వచ్చి తండ్రి చంక కింద దూరింది. చిన్నప్పుడు గోల్ కోసం ఏడ్చేదాన్ని అంది మాతో. "అప్పట్లో ఈ పాస్‌లు చూసినప్పుడల్లా కోపం వచ్చేది. మా నాన్న వెళ్ళిపోయాక, అవే చూడాలనిపించేది."

మధ్యాహ్నం పార్కులోనే భోజనాలు. డీటన్న ప్లేటు చాచి "పులిహోర అన్నా" అన్నాడు. పక్కనుంచి కూతురు "ఏంటి నాన్నా" అంది. అందరూ నవ్వారు. ఇక దాచడం బాగుండదని, అన్నా అంటే ఇటివ్వు కాదని, అన్నయ్య అని నేనే చెప్పేశాను.

"తెలుసు" అన్నాడు డీటన్న. "మొదటి ఏడాదే స్టోర్‌లో అమ్మాయి చెప్పింది. ఆడవాళ్ళని అలా పిలవకూడదని కూడా చెప్పింది."

మరి ఇన్నేళ్ళూ ఎందుకలా అన్నావని అడిగాను.

"తెలుసంటే మీరు సర్దుకుని, మామూలుగా పాస్ అని అరుస్తారేమోనని" అన్నాడు. "ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి పేరు పదిమంది గొంతెత్తి పిలిచే చోటు ఈ దేశంలో నాకు ఇదొక్కటే."

ఉమ ఆయన ప్లేటులో ఇంకో గరిటెడు పులిహోర వేసింది. ఆయన అటూ ఇటూ చూసి, అందులో సగం అన్నా ప్లేటులోకి తోసేశాడు.