ముక్కు ఒక్కటే కాస్త పెద్దది

సంగీతం టీచరుగా రిటైరయ్యాక, పోయిన వేసవిలో విజయనగరంలో ఒక మ్యూజియం చూడ్డానికి వెళ్ళాను. పల్లె బతుకును నిలువెత్తు మట్టిబొమ్మలుగా మలిచిన హాలు నాకు తెగ నచ్చింది. రాట్నం వడికే ముసలామె మెడ మీద ముడతలు చూస్తే, ఇప్పుడే దగ్గుతుందేమో అనిపించింది. మోకాళ్ళు లాగేస్తుంటే నా పొందూరు చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆమె పక్కనే అరుగు మీద చతికిలబడి కళ్ళు మూసుకున్నాను.

"సూడు బావా, ఈ బొమ్మది ఏటి పనితనం! పొందూరు చీర కూడా కట్టినారు" అని ఓ అమ్మాయి గొంతు నా చెవి పక్కనే వినిపించింది.

కదిలితే దడుచుకుంటుందని ఊపిరి బిగబట్టాను. ఆ పొగడ్త ఇంకాస్త వినాలనీ ఉంది మరి!

"అంతా బాగున్నాది గానీ, ముక్కే మరీ పెద్దదెట్టేసినారు" అన్నాడు మొగుడు.

ఇక ఆగలేకపోయాను. "అది మా నాన్నగారి ముక్కు నాయనా!" అనేశాను.

"ఓలమ్మో!" అంటూ ఆ పిల్ల మొగుణ్ణి వాటేసుకుంది. తేరుకున్నాక ముగ్గురం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

"అమ్మా, మల్లీ అలాగే కూకోండి, ఫొటో తీసుకుంతాం" అని బతిమాలింది.

ఈ ముక్కు వల్లే జీవితమంతా ఫొటోల్లో వెనక వరసలో దాక్కున్నాను. ఆ రోజు మాత్రం వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని, ముక్కు బాగా పడేలా కాస్త పక్కకు తిరిగాను.