సొరుగులో వెండి

తెనాలిలో మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారు, శుక్రవారం పూజకు వెండి కుందులతో పాటు మావారు దాచుకున్న పాత వెండి నాణేలనూ విభూతితో తోమేశారు. రాజుల కాలం నాటి నలుపంతా పోయి అవి తళతళలాడాయి.

మావారి మొహం మాడిపోయింది. "ఆ నలుపుంటేనే పాత నాణేలకు విలువ. ఇంకెవరూ వాటిని ముట్టుకోవద్దు. గాలి తగిలితే మెల్లగా వాటంతటవే రంగెక్కుతాయి," అన్నారు. చెక్క సొరుగులో పరిచి, దాన్ని కాస్త తెరిచే ఉంచారు.

ఏళ్ళు గడిచేకొద్దీ నాణేల అంచులు తేనెరంగు తిరిగాయి. ఇప్పుడు నీలం పొడ కనిపిస్తోంది. ఈలోగా నేను రేపల్లెలోని అక్కను చూడనేలేదు. ఇల్లు వదిలితే దొంగలొస్తారట. రెండువేల ఏళ్ళు మట్టిలో పడున్నవాటికి ఇప్పుడొచ్చింది భయం!

ఈ పొద్దున బాపట్లలో ఉద్యోగానికి బయల్దేరుతూ, "సొరుగు మూసేయకు, వాటికి గాలాడాలి," అన్నారు. బయటికెళ్ళి గ్రిల్లుకు తాళం వేశారు.