వదినతో ఎడారి నగరానికి

కండక్టరమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ నోటికి జడవని ప్రయాణికుడు లేడు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి, ఆడవాళ్ళ సీట్లో కూర్చుని నిద్ర నటించేవాణ్ణి ఒక్క కేకతో దారికి తెచ్చేది. ఆ నోరే ఆవిడకు ఇంత అన్నం పెట్టింది. మనిషి రిటైరైనా నోరు రిటైర్ కాలేదు, అదీ చిక్కు.

నాలుగేళ్ళ క్రితం తల్లి పోయిన రోజున ఆ నోరు వెళ్ళి వదిన మీద పడింది. పరామర్శకు వచ్చిన చుట్టపక్కాలతో ఇల్లు కిటకిటలాడుతుంటే, "మా అమ్మకి కడుపు నిండా ఇంత తిండి పెట్టుంటే ఇంకో రెండేళ్ళు బతికేది" అనేసింది. ఆ ముసలావిడను ఎత్తి కూర్చోబెట్టి, బతిమాలి తినిపించి, పక్కబట్టలు ఉతికింది ఆ వదినే. ఆమె తిరిగి ఒక్క మాటా అనలేదు. అసలు ఆడపడుచుతో మాట్లాడటమే మానేసింది.

రాకపోకలు మాత్రం ఆగలేదు. "మీ చెల్లెల్ని కూర్చోమనండి" అని వదిన మొగుడితో చెప్పేది. కండక్టరమ్మ తక్కువేం తినలేదు. "బాగానే కూర్చున్నానని చెప్పు అన్నయ్యా" అనేది. ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్య మాటలు మోయలేక ఆయన నలిగిపోయేవాడు.

తను అన్నది అన్యాయమని కండక్టరమ్మకు వారం తిరక్కుండానే తెలిసింది. వదిన మళ్ళీ తనను నోరారా పిలవాలని మనసు కొట్టుకుపోయేది. కానీ తప్పయిందని చెప్పడానికి నోరు పెగిలేది కాదు. బస్సు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతుకు ఆ ఒక్క మాటా రాలేదంటే ఏమనాలి!

అలాంటి ఇద్దరూ కలిసి ఎడారి నగరం చూడటానికి బయలుదేరారంటే, ఆ పుణ్యం అన్నయ్య నడుముదే. వదినా తనూ వెళ్ళాల్సిన టూరు ఖాయమయ్యాక ఆయన స్నానాలగదిలో జారిపడి మంచమెక్కాడు. కట్టిన డబ్బు వెనక్కి రాదనీ, కావాలంటే ఆయన బదులు మరొకరిని పంపమనీ టూరు వాళ్ళు చెప్పారు. ఇంటిమొత్తం మీద పాస్‌పోర్టు ఉన్న మూడో మనిషి చెల్లెలే. "నన్ను అబ్బాయి చూసుకుంటాడు, మీరిద్దరూ వెళ్ళి రండి. నా చెవులకూ కాస్త విశ్రాంతి" అన్నాడాయన.

హోటల్లో ఇద్దరికీ కలిపి ఒకటే గది. మధ్యవర్తి లేడు. వదిన కాసేపు అటూ ఇటూ చూసి, "ఈ చలికి మనుషులు బతికేదెలా?" అని ఫ్రిజ్‌ను అడిగింది. "ఏసీ రిమోటు అక్కడే ఉంది, కావలసినవాళ్ళు తగ్గించుకోవచ్చు" అని కండక్టరమ్మ అద్దానికి చెప్పింది. ఆ గదిలో ఫ్రిజ్జూ అద్దమూ పడ్డ అవస్థ అన్నయ్య కూడా పడి ఉండడు.

ఊరు చూడబోతే కళ్ళు చాలవు. మెడ పడిపోయేలా ఎత్తిచూసినా కొస కనబడని మేడలు, నడిచే మనిషి ఒక్కడూ లేని వెడల్పాటి రోడ్లు. బస్టాపుకు కూడా అద్దాల తలుపులూ ఏసీనూ! కండక్టరమ్మ ఆ ముచ్చట చూస్తూ ఉండగా ఒక బస్సు వచ్చి ఆగింది. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే మిషనుకు కార్డు చూపించి వెళ్ళి కూర్చున్నారు. అరిచేవాళ్ళు లేరు, విజిలు లేదు.

"ఈ ఊళ్ళో పుట్టుంటే నాకు కూడు పుట్టేది కాదు" అంది కండక్టరమ్మ కరెంటు స్తంభంతో. వదిన మొహం పక్కకు తిప్పుకుంది. నవ్విందని భుజాలు చెప్పాయి. ఆ పూటంతా కండక్టరమ్మ కాలు నేల మీద నిలవలేదు.

మర్నాడు సాయంత్రం జీపుల్లో ఇసుక తిన్నెల మీదికి తీసుకెళ్ళారు. జీపు తిన్నె ఎక్కడం, అటునుంచి దబ్బున దొర్లినట్టు దిగడం, దాన్నే సరదా అంటారట. నాలుగో తిన్నెకు వదినకు కడుపులో తిప్పేసింది. డ్రైవరు జీపు ఆపాడు. ఆమె దిగి ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకుంది. బస్సులో ఎందరికో చేసినట్టే కండక్టరమ్మ ఒక చేత్తో వదిన నుదురు పట్టుకుని, రెండో చేత్తో వీపు రాసింది. నీళ్ళు తాగించింది.

వదిన తలెత్తి సూటిగా ఆమె మొహంలోకి చూసింది.

"అత్తయ్యకి రోజూ ఇలాగే పట్టేదాన్ని. తిన్న ముద్ద లోపల నిలిచేది కాదు. మళ్ళీ వండి మళ్ళీ పెట్టేదాన్ని. నువ్వు సెలవు రోజున వచ్చి, అమ్మ చిక్కిపోయిందని చూసి వెళ్ళిపోయేదానివి."

నాలుగేళ్ళకు వదిన తనతో మాట్లాడింది. మొహం చాటేసి జవాబివ్వడానికి అక్కడ ఒక గోడైనా లేదు.

"తప్పయిపోయింది వదినా" అంది కండక్టరమ్మ. ఏడుపు ఆగలేదు. "నా నోరు పడిపోను. అంతా నువ్వే చేశావు. ఆ మాట అనకుండా ఉండాల్సింది నేను."

వదిన మూతి తుడుచుకుని లేచింది. "ఇక్కడ చెప్తే ఎవరు విన్నారు? ఆ మాట అన్నప్పుడు ఇంటినిండా జనం ఉన్నారు." వెళ్ళి జీపులో కూర్చుంది.

హోటలుకు తిరిగి వెళ్ళేది పెద్ద బస్సులో. టూరు జనమంతా ఎక్కారు. బస్సు కదలగానే కండక్టరమ్మ లేచి, కమ్మీ పట్టుకుని, పాత గొంతు తీసింది.

"అందరూ ఒక్కసారి ఇటు వినండి! ఈవిడ మా వదిన. మంచాన పడ్డ మా అమ్మకి కన్నకూతురి కంటే ఎక్కువ చేసింది. తిండి పెట్టలేదని నలుగురిలో నింద వేసింది నేను. అది పచ్చి అబద్ధం!"

బస్సు బస్సంతా బిత్తరపోయింది. వెనక సీట్లో ఒక పెద్దాయన, ఇదీ టూరులో భాగమే అనుకున్నాడో ఏమో, చప్పట్లు కొట్టాడు.

వదిన ఆమె చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "పరువు తీస్తున్నావు, కూర్చో ముందు."

"జనంలో చెప్పమన్నావుగా?"

"ఆ రోజు విన్నది వీళ్ళా?"

ఆ రోజు విన్నవాళ్ళు ఈ నాలుగేళ్ళూ వదినను ఏ కంటితో చూశారో కండక్టరమ్మ ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"ఇంటికెళ్ళాక ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి చెప్తాను వదినా" అంది చివరకు. "పిన్నికి, మేనత్తకి, పక్కింటి టీచరమ్మకి. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఎవర్నీ వదలను."

వదిన ఇటు తిరిగింది.

"ఒక్కదానివే వెళ్తే సగం మాట మింగేస్తావు. నేనూ వస్తాను."