అందరికీ ఇచ్చేసిన గొంతు

మా అత్తగారు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో మా దగ్గర ఉంటున్న రోజుల్లోనే ఆవిడ చూపు బాగా తగ్గిపోయింది. పేపరు చదవనిదే పొద్దు గడవని మనిషి. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఫోన్‌లో వేసిచ్చాను. దాని తెలుగు వినలేక, తెలుగు రాని దొరెవరో చదువుతున్నట్టుందని పక్కన పెట్టేశారు.

ఆ సంగతి అక్కతో చెప్పాను. అక్క నా తోబుట్టువు కాదు. అమెరికా వచ్చిన కొత్తలో పిస్కాటవేలో మాస్టర్స్ చేసేటప్పుడు నాకు సీనియర్. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఖమ్మం మనిషి. నేను ఇండియా నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్ మొరాయిస్తే, అందులో ఉన్నదంతా తుడిచేసి ఒక ఫ్రీ ఆపరేటింగ్ సిస్టం వేసి ఇచ్చింది. ఊరికే వచ్చిందన్నమాట అని నేనంటే కోప్పడింది. ఇక్కడ ఫ్రీ అంటే స్వేచ్ఛ అని, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, నచ్చినవాళ్లకు పంచిపెట్టవచ్చు అని ఉల్లిపాయలు తరుగుతూ చాలాసేపు చెప్పింది. తర్వాత ఉద్యోగాలు మా ఇద్దరినీ మిషిగన్ చేర్చాయి.

"మనమే చేద్దాం. నా గొంతు నేనిస్త," అంది, అత్తగారి సంగతి వినగానే.

వాళ్లింట్లో, చలికోట్లు వేలాడే క్లోజెట్‌లో కూర్చుని రికార్డ్ చేశాం. ప్రతిధ్వని రాకుండా ఆ కోట్లు అడ్డుకునేవి. అక్క వాక్యం తర్వాత వాక్యం చదివేది. ఆమె భర్తను నేను బావగారూ అనేదాన్ని. చప్పుడు వస్తుందని ఆయన హీటర్ ఆపేసి, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని సోఫాలో కదలకుండా కూర్చునేవారు. ఆ రికార్డింగులతో, ఏ తెలుగు మాటనైనా అక్క గొంతుతో చదివే ప్రోగ్రాం తయారుచేశాం.

దాన్ని అందరికీ విడుదల చేసే ముందు, ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ గురించి వాదించుకున్నాం. వ్యాపారానికి వాడకూడదని షరతు పెడదామన్నాను నేను. అలా పెడితే ఫోన్లు తయారుచేసేవాళ్లు దాన్ని ముట్టుకోరని, ఇక చూపులేనివాళ్ల చేతికి అది ఎట్లా చేరుతుందని అక్క అడిగింది.

"ఇచ్చినంక ఇచ్చినట్టే ఉండాలె. రేపు మనసు మారినా వాపస్ తీసుకునే వీలు ఉండొద్దు."

అలాగే విడుదల చేశాం. మా అత్తగారు మళ్లీ పొద్దున్నే కాఫీతో పాటు పేపరు వినడం మొదలుపెట్టారు. 'ళ' ఎంత చక్కగా పలుకుతుందో అని అక్కను మెచ్చుకునేవారు.

మరుసటి చలికాలంలో అక్క పోయింది. క్యాన్సర్. తెలిసేసరికే చేయిదాటింది. చివరి రోజుల్లో మాట రాలేదు. ఏం కావాలో పెదాల కదలిక చూసి ఊహించుకునేవాళ్లం. చాలాసార్లు తప్పు ఊహించేవాళ్లం.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక ఆదివారం బావగారు మా ఇంటికి వచ్చారు. షూస్ కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, ఫోన్‌లోని వాయిస్‌మెయిల్ వినిపించారు. హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్ముతున్నారట. అమెరికాలో ఉన్న తెలుగువారికి ప్రత్యేక తగ్గింపు, ఈ అవకాశం మళ్లీ రాదు అంటోంది అక్క.

"మొదటి రెండు మాటలు విని తనే అనుకున్నా," అన్నారు ఆయన. "దీన్ని ఆపించగలవా?" అని అడిగారు.

ప్రయత్నిస్తానన్నాను. ఆ ప్లాట్ల కంపెనీకి రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు. లైసెన్స్ ప్రకారమే వాడుకున్నామని, సైటు అడుగున ఆవిడ పేరు కూడా వేశామని. వెళ్లి చూశాను. నిజంగానే వేశారు, చిన్న అక్షరాల్లో, స్పెల్లింగ్ తప్పు లేకుండా.

కనీసం మనం పెట్టిన వెబ్‌పేజీలోంచైనా ఆ గొంతు తీసేయమన్నారు బావగారు. దానివల్ల లాభం లేదని తెలిసినా తీసేశాను. కొద్దిరోజులకే ఎవరో తమ దగ్గరున్న కాపీని ఇంకోచోట పెట్టారు. కింద మా ఇద్దరికీ థాంక్స్ చెప్పారు. తప్పుపట్టడానికి ఏమీ లేదు. మేము ఇచ్చిన హక్కే అది. ఆ మాట బావగారికి చెప్పలేక చాలా రోజులు ఫోన్ చేయలేదు. చివరికి చెప్పాను. ఆయన విని, సరేనమ్మా అన్నారు. ఫోన్ నంబర్ మార్చుకున్నారు. మా ఇంటికి రావడం తగ్గించారు. వచ్చినా, అత్తగారు పేపరు వినే పొద్దునపూట వచ్చేవారు కాదు.

కిందటేడాది ఇల్లు అమ్మేసి వేరే రాష్ట్రంలోని అల్ఫారెట్టా వెళ్లిపోయారు. సామాను సర్దే రోజు సాయానికి వెళ్లాను. పెట్టెలకు టేపు వేస్తూ, నా వైపు చూడకుండానే అన్నారు.

"తను ఇచ్చింది, బాగానే ఉంది. తన గొంతు, తన ఇష్టం. కానీ ఇట్లా ఇస్తున్నా అని నన్నొక మాట అడగలేదు. నేను అక్కడే, సోఫాలోనే ఉన్నా కదా."

ఇంకో పెట్టె అందుకున్నాను.

మా పేజీలో లేకపోయినా, ఇంకోచోట ఉన్న ఆ ప్రోగ్రాంను ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను. ఎక్కడెక్కడి వాళ్లో రాస్తుంటారు, ఫలానా కొత్త మాట సరిగ్గా పలకడం లేదని. కూర్చుని సరిచేస్తాను. సరైందో లేదో తెలియాలంటే మళ్లీ మళ్లీ వినాలి. అక్క ఉన్నప్పుడు ఇంకా పుట్టని మాటలు కూడా అక్క పలుకుతుంది. బాగా పలికిందనిపించాక పంపించేసి, లాప్‌టాప్ మూసి, కాసేపు కారేసుకుని ఊరికే తిరిగొస్తాను.