పదకొండు రోజులు ఎటు కలపాలి

నా జీవితంలో కంప్యూటర్‌ది తప్పని తేల్చింది ఒక్కసారే. ఆ ఒక్కసారికే నా ఉద్యోగం, గంగారాం ఉద్యోగం, రెండేళ్ళు కష్టపడి సంపాదించుకున్న నా పరువు కట్టకట్టుకుని పోబోయాయి. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. నవ్వాల్సిన వాళ్ళు అప్పుడే నవ్వేశారు.

అప్పుడు నేను సౌదీలో, రాస్ తనూరాలో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ఏసీ మెకానిక్‌ని. చదివింది తొమ్మిదో తరగతి. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. గదిలోకి అడుగు పెడితే చాలు, దానికి ఎన్ని టన్నుల ఏసీ కావాలో నోటితో చెప్పేవాడిని. అందుకని క్యాంపులో అందరూ నా లెక్కను నమ్మేవాళ్ళు. అందరికన్నా ఎక్కువ నేను నమ్మేవాడిని.

నితాఖత్ అనే కొత్త రూలు వచ్చిన రోజులవి. సౌదీ వాళ్ళను తగినంతమందిని పెట్టుకోని కంపెనీలను ఎరుపు జాబితాలో పడేశారు. మాదీ పడింది. ఇక మా ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యూవల్ కావు. మిగిలింది ఒకే దారి. గడువు తీరకముందే వేరే కంపెనీకి మారిపోవాలి. ఉనైజాలో ఖర్జూరాల కోల్డ్ స్టోరేజీ వాళ్ళు నన్నూ, నా గదిలోనే ఉండే గంగారాంనూ తీసుకుంటామన్నారు. గడువులోపల వెళ్ళి సంతకం పెట్టాలి. దాటితే ఇద్దరం ఇంటికే. మా ఇఖామాలు రెండూ ఒకే రోజు ఇచ్చినవి కనుక, మునిగినా తేలినా కలిసే.

ఈ సంగతులన్నీ మాకు చెప్పింది ఒక వెబ్‌సైటు. బతా బజారులో ఒక దుకాణంలో కార్డు కొని, గీకి, ఆ నంబరు కొడితే సభ్యులమైనట్టు. సౌదీ కాగితాల గురించి తెలుగులో చెప్పేది, మాకు తెలిసి, అప్పట్లో అదొక్కటే. ఇఖామా మీద సర్కారు వేసే లెవీ ఎవరు కట్టాలి, మనల్ని పిలిపించుకున్న కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఎక్కడికి వెళ్ళాలి, ఏదైనా పొద్దున అడిగితే సాయంత్రానికి జవాబు. దాన్ని నడిపే కడప ఖాజా భాయ్‌ని మేమెవరమూ చూడలేదు. ఆయన ఒక్కడే నడిపేవాడని తెలిశాక నాకు ఆశ్చర్యంతో నోరు మూతపడలేదు. మూసుకుని ఉంటే బాగుండేది.

ఇఖామా మీద ఉండేది హిజ్రీ తేదీ, చంద్రుణ్ణి బట్టి నడిచే అరబ్బుల క్యాలెండరుది. దాన్ని ఆ వెబ్‌సైటులో కొడితే ఏప్రిల్ మూడు అంది. నాకు ఒళ్ళు మండింది. పోయిన ఏడాది గడువు ఏప్రిల్ పద్నాలుగు. హిజ్రీ ఏడాదికీ మన ఏడాదికీ పదకొండు రోజుల తేడా అని నాకు తెలియదా? వాళ్ళ ఏడాది పొట్టిది. గుడ్డ పొట్టిదైతే ఏం చేస్తాం? అతుకు వేస్తాం. నేనూ పదకొండు రోజులు అతుకు వేశాను. ఏప్రిల్ ఇరవై అయిదు.

గంగారాం మంచం మీద లేచి కూర్చున్నాడు. "బావా, కంప్యూటర్ మూడంటుంది. నువ్వు ఇర్వై అయిదంటున్నవ్. నడుమ నేను సచ్చేటట్టున్న."

"కరెంటు పోతే దాని లెక్క పోతది. నాది పోతదా?"

"నీకు కరెంటు ఎక్కువైనట్టుంది బావా."

అంతటితో ఆగితే మనిషినే. సభ్యులందరూ చదివే పేజీలో రెండు పేజీల ఉత్తరం రాశాను. మెట్టు మెట్టుగా లెక్క చూపించి, 'మీ యంత్రం మా కార్మికుల ఇరవై రెండు రోజులు మింగినది' అని ముగించాను. ఖాజా భాయ్ రెండే వాక్యాల జవాబిచ్చాడు. తేడా పదకొండేనట, అంతవరకు నేను కరెక్టేనట. అది ఎటువైపో మాత్రం ఒకసారి చూసుకోమన్నాడు. నాకే దిక్కులు చూపిస్తాడా అని ఆ పూటే సభ్యత్వం రద్దు చేసుకున్నాను.

ఏప్రిల్ ఒకటో తేదీ పొద్దున ఫోన్ మోగింది. ఖాజా భాయ్.

"అన్నా, మీరిప్పుడు సభ్యులు గాదు, నిజమే. మీ తేదీ మాత్రం నా దగ్గర రాసి ఉండాది. ఎల్లుండే."

"నా లెక్కల ఇంకా ఇరవై నాలుగు రోజులున్నయి భాయ్."

"సరే. ఒకటి చెప్పండి. రంజాన్ ఏటా ముందుకొస్తాందా, ఎనక్కి పోతాందా?"

రెండు రంజాన్లు చూసినవాడిని. ఆ నెలలో పని గంటలు తగ్గుతాయి కాబట్టి ఏ తేదీన మొదలైందో ఎవరు మరిచినా నేను మరవను. మొదటిది ఎప్పుడు, రెండోది ఎప్పుడు అని వేళ్ళ మీద లెక్కపెట్టాను. మూడో వేలు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ముందుకే వస్తోంది. పదకొండు కలపకూడదు, తీసెయ్యాలి.

"ఉన్నారా అన్నా?" అన్నాడు ఖాజా భాయ్. ఉన్నాను, ఇంకో రెండు రోజులు.

గదిలోకి పరిగెత్తి బట్టలు సర్దుకొమ్మని గంగారాంకు చెప్పాను. వాడు నిదానంగా వంగి, మంచం కింది నుంచి నిండు సంచి లాగాడు.

"వారం సంది సదిరే ఉన్న బావా. నిన్ను ఇడిచిపెట్టి పోబుద్ధి కాలే."

మర్నాడు ఉనైజాలో సంతకాలు పెట్టాం. ఒక్క రోజు మిగిలింది. బయటికి రాగానే చేసిన మొదటి పని మళ్ళీ కార్డు కోసం వెతకడం.

సభ్యుడినై తెరిచి చూస్తే మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, నా ఉత్తరం. పెద్దమనిషి, నా పేరు తీసేశాడు. పైన మాత్రం 'కొత్తవాళ్ళు తప్పక చదవాలి: ఇలా లెక్కపెట్టకండి' అని రాశాడు. రెండేళ్ళ తర్వాత కొత్తగా వచ్చిన ఒకతను దాన్ని మా ముందే పైకి చదివి, ఈ పుణ్యాత్ముడు ఎవరన్నా అని అడిగాడు. గంగారాం టీ గ్లాసు కింద పెట్టి, "ఎవరో పెద్ద లెక్కల మనిషి తమ్మీ," అన్నాడు.

తర్వాత అన్నీ ఫోన్లలోకి ఉచితంగా వచ్చేశాయి, ఆ వెబ్‌సైటు మూతపడింది. రద్దు చేసుకున్నవాడికి కూడా ఫోన్ చేసి గడువు గుర్తుచేసే కంప్యూటర్ నాకు మళ్ళీ దొరకలేదు.

అందుకే ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ యంత్రంతోనూ లెక్కల్లో వాదించను. వాదించక తప్పదనిపిస్తే, ముందు వంగి, గంగారాం మంచం కింద చూస్తాను.