చాచా చివరి బేస్ బాక్సు

చాచా పోయారన్న కబురు నాకు మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే తమ్ముడు ఫోన్లో చెప్పాడు. అప్పుడు పినపాకలో నా కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు వేస్తున్నాను. "అక్కా, చాచా పోయిండు. పొద్దుగాల ఖమ్మం దవాఖానలనే..." అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశాడు. నేను ఏడవలేదు. ఏం చెయ్యాలో తోచక, కుడుతున్న చెయ్యి పూర్తిగా కుట్టేశాను. తీరా చూస్తే తిరగేసి కుట్టాను. దారం విప్పుతుంటే అప్పుడొచ్చింది ఏడుపు.

చాచా నాకు చుట్టం కాదు. మణుగూరులో వడ్రంగి. తాతల కాలం నుంచీ వాళ్ళది కొయ్యపనే. గనుల కాలనీల వాళ్ళకు మంచాలు, బీరువాలు చేసిపెడుతూ, పెళ్ళిళ్ళకూ పందిళ్ళకూ వాయించే మా ఆర్కెస్ట్రాను నడిపేవారు. అందులో ఆయనది బేస్ గిటార్. నాలుగు లావు తీగలుంటాయి. పాట అడుగున గుమ్‌గుమ్మని నడిచే మంద్రం దానిదే. జనం పాడేవాళ్ళను చూస్తారు, డ్రమ్ములు కొట్టేవాణ్ణి చూస్తారు. బేస్ వాయించే మనిషిని అన్నాలు వడ్డించేవాళ్ళు కూడా మరిచిపోతారు.

నేను ఆయన దగ్గరికి పాడదామని వెళ్ళాను. చరణం పూర్తికాకముందే చెయ్యెత్తి ఆపారు. "గొంతు మంచిదే బేటీ. గానీ పైకి పొమ్మంటే కిందికి వస్తున్నది. కిందనే ఉండే పని ఒకటున్నది, నేర్చుకుంటవా?" అన్నారు. తల కొట్టేసినట్టయింది. అయినా నేర్చుకున్నాను. ఆయనకు మోకాళ్ళ నొప్పులు ముదిరి స్టేజీ మీద నిలబడలేకపోయాక ఆ పని నా భుజానికెక్కింది. ఆడపిల్ల బేస్ వాయించడమేమిటని ఎవరైనా అడిగితే, "మా ఆర్కెస్ట్రా పార్టీల ఆడపిల్లలు పాడేకాడ ఉన్నరు. ఈమె మా బేసు" అనేవారు. అంతకంటే పెద్ద బిరుదు నాకు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

నాకు సొంత గిటార్ కొనడానికి ఖమ్మం వెళ్ళాం. ఎర్రగా మెరుస్తున్న ఒకదాని మీద నా కన్ను పడింది. చాచా దాని రంగు చూడలేదు. తీగల కింద ఉండే పికప్పులు చూశారు. తీగ కదలికను పట్టి, మోత పెంచే ఆంప్‌కు పంపే అయస్కాంతపు ముక్కలవి. ఎర్రదానికి సన్నటివి రెండున్నాయి. ఆయన వైరు తగిలించి, ఒక పికప్పు గొంతు పూర్తిగా తగ్గించి, గిటార్‌ను దుకాణంలో ట్యూబ్‌లైటు దగ్గరికి తీసుకుపోయారు. జుయ్‌మని రొద మొదలైంది. "సూడు, ట్యూబ్‌లైటు పాట గూడ ఇదే పాడ్తది. మన స్టేజీల మీద జనరేటరుంటది, సీరియల్ బల్బులుంటయి. అన్నిటి పాటలు పాడుకుంట కూసుంటే నీ పాటెప్పుడు?" అన్నారు. చివరికి రెండు ముక్కలుగా విడగొట్టిన ఒకే లావు పికప్పు ఉన్న, ఆ రొద రాని గిటార్ కొనిపించారు. రంగు కాచిన బెల్లంలా ఉండేది. బస్సులో దారిపొడుగునా మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆయన పల్లీలు కొనిచ్చి ఊరుకున్నారు.

చొక్కా జేబులో పెన్సిలు పక్కన ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. కార్యక్రమం ముందు నా గిటార్ అందుకుని పికప్పు ఎత్తు సరిచేసేవారు. నేను దాన్ని తీగలకు బాగా దగ్గరికి పెంచుకునేదాన్ని, మోత ఎక్కువొస్తుందని. ఆయన దించేవారు. "అయస్కాంతం తీగను గుంజుతది బేటీ. గుంజితే తీగ మంచిగ ఊగది, సురం జల్దీ సచ్చిపోతది. అత్తగారిల్లు లెక్క. మరీ పక్కపొంటి ఉంటే నీకే ఊపిరాడది." ఇంటి దగ్గరైతే ఆయన భార్య, మా చాచీ, "మా అత్త నా ఇంట్లనే ఉండె. నీకేం తెల్సు?" అని లోపలినుంచి కేకేసేది.

ఆంప్ విషయంలో ఇంకా పట్టుదల. సగం తిప్పితే సరిపోయేది కొనాలి తప్ప, పూర్తిగా తిప్పితే గానీ చాలనిది కొనకూడదనేవారు. ఎప్పుడూ అరిచే మనిషి మాట ఎవరికి అర్థమవుతుంది అని అడిగేవారు. ఒకసారి ఇంట్లో నేను బేస్, ట్రెబుల్ నాబులు నిండా పెంచి, నడిమి గొంతుదైన మిడ్ తగ్గించి, ఎంత కమ్మగా ఉందో అని మురిసిపోతుంటే నవ్వారు. ఆ సాయంత్రం అందరితో కలిసి వాయిస్తే నా బేస్ ఎక్కడా వినపడలేదు. డ్రమ్ములు అడుగును తినేశాయి, గిటార్లు పైభాగాన్ని తినేశాయి. చాచా వచ్చి మిడ్ నాబు పెంచారు. చెవికి గరగరగా తోచింది గానీ పాటలో చక్కగా కూర్చుంది. "ఒక్కదానివే వాయిస్తే ఏదైనా మంచిగనే ఉంటది. పదిమందిల వాయించి సూడాలె" అన్నారు.

ఆయన మాటల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది మరొకటి ఉండేది. "బేస్ ఉన్నదని ఎవ్వలకు తెల్వొద్దు. లేకుంటే మాత్రం అందరికి తెల్వాలె." కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ అది చెప్పేదాన్ని, నేనే కనిపెట్టినట్టు.

తర్వాత రోజులు మారాయి. ఈ ముక్క అందరూ రాస్తారు కాబట్టి నేను పొడిగించను. డీజేలు వచ్చాయి. ట్రాక్టరు ట్రాలీ నిండా బాక్సులు పేర్చి కిటికీ అద్దాలు అదరగొట్టేవాళ్ళ ముందు మా గుమ్‌గుమ్ ఎంత? మిగిలిన కాసిని పెళ్ళిళ్ళలో కూడా, మనుషుల్ని తగ్గించుకోండి అనేవాళ్ళు. "బేసెందుకు, కీబోర్డుల వస్తది గదా?" అన్నాడు అశ్వారావుపేటలో ఒక పెళ్ళి పెద్ద. నిజమే, వస్తుంది. మా కీబోర్డు తమ్ముడు ఎడమచేత్తో ఆ మంద్రం నొక్కగలడు. పాపం, వాడు ఒప్పుకోనన్నాడు. చాచాయే ఒప్పించారు.

ఆ పెళ్ళికి నేనూ చాచా జనంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బేస్ లేకుండా మా పార్టీ వాయించడం అదే మొదటిసారి. ఆయన స్టేజీ వైపు చూడలేదు. జనం మొహాలు చూస్తూ కూర్చున్నారు, ఎవరైనా ఒక్కరు తలెత్తి ఏదో తక్కువైందే అనుకుంటారేమోనని. పిల్లలు ఎగిరారు, పెద్దలు తిన్నారు, ఎవరో వచ్చి పాటలు బ్రహ్మాండంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. తిరుగు బస్సులో అన్నారు: "ఎవ్వలకు తెల్వలే బేటీ."

పార్టీ అలా అలా ఆగిపోయింది. ఆ తర్వాతే ఆయన బేస్‌కు కొత్త స్పీకరు బాక్సు మొదలుపెట్టారు. ఎవరికోసం చాచా అంటే, "నాకోసమే. ఇన్నేండ్లు రేకుల షెడ్లల్ల, కిరాయి బాక్సుల మీద వాయించిన. నా సురం నేను సరిగ్గ ఇనలే. చెవులు పోకముందు ఒక్కసారి ఇనాలె" అన్నారు. రంపం మిషనూ డ్రమ్ములూ కలిసి ఆ చెవుల్ని అప్పటికే చాలావరకు తీసుకుపోయాయి. కాబట్టి తొందర ఉంది. ఆదివారం వస్తే నేను గిటార్ వేసుకుని మణుగూరు వెళ్ళేదాన్ని.

అక్కడే ఒక పొరపాటు చేశారు. మా అడవి పక్క మనుషులు తప్ప ఇంకెవరూ చెయ్యరు అది. మాకు కొయ్య అంటే టేకు. మిగతావి వంటచెరకు. కూలగొట్టిన ఒక పాత ఇంటి తలుపులు దొరికితే, అంత మంచి టేకును వదిలి ప్లైవుడ్‌తో బాక్సు చెయ్యడం ఆయనకు పాపమనిపించింది. పదిహేను అంగుళాల స్పీకరుకు టేకు బాక్సు బిగించారు. అద్దంలా నునుపు తేల్చారు. నలుగురు మోస్తే గానీ కదల్లేదు. నేను తీగ మీటాను. ఒక్క సురం దగ్గర మాత్రం గేదె అరిచినట్టు బోమ్మంది, మిగతావన్నీ నీరసంగా పలికాయి. స్పీకరు కంటే పలకలే ఎక్కువ పాడుతున్నాయి. వానలు పడ్డాక పలకలు ఉబ్బి, ఎండకు మళ్ళీ ముడుచుకుని, అతుకుల్లోంచి గాలి బుస్సుమనడం మొదలైంది.

"టేకు తప్పు చేస్తదా? నీ వేలు తప్పు పడ్డది" అని నా మీదే విరుచుకుపడ్డారు. నాకూ కోపమొచ్చింది. "నా వేలు గాదు చాచా, నీ టేకే" అన్నాను. రెండు వారాలు మాటల్లేవు. తర్వాత వెళ్ళేసరికి బాక్సు విప్పి ఉంది. ఆ పలకలతో చాచీకి మంచం చేస్తున్నారు. ఆమె, "ఇన్నేండ్ల పెండ్లిల నాకు చేసిన మొదటి మంచం. అది గూడ చెడిపోయిన కొయ్యతోటి" అన్నది.

రెండోది మందపు ప్లైవుడ్‌తో. లోపల అడ్డంగా కర్రలు కొట్టారు, పలకలు ఊగకుండా. ముందు గుండ్రంగా గాలి రంధ్రం పెట్టి, దానికి గొట్టం బిగించారు. ఆ గొట్టాన్ని కొంచెం కోసి, నన్ను వాయించమని, మళ్ళీ కొంచెం కోసేవారు. పాత రజాయి విప్పి దూదిని లోపలి గోడలకు అంటించారు. అప్పటికి మంద్రం కూడా ఆయనకు అందడం తగ్గింది. బాక్సు వెనక అరచెయ్యి ఆనించి, నా మొహం చూసేవారు. "వచ్చిందా?" అనేవారు. రాలేదంటే రాలేదనే చెప్పాను. అబద్ధం చెప్పి సంతోషపెట్టాల్సిన మనిషి కాదాయన. ఇంకో ఆదివారం, ఇంకో ముక్క. ఈలోపు దగ్గు ఎక్కువైంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నారు. ఖమ్మం తీసుకుపోయారు.

చివరి బిగింపు నేనే చేశాను. ఆయన చెప్పినట్టు స్పీకరు చుట్టూ స్పాంజి పట్టీ వేసి, ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించి, ఆంప్ సగం తిప్పి మీటాను. వచ్చింది. ఏ సురానికి ఆ సురం, గుండ్రంగా, తొందర లేకుండా. బోమ్మనలేదు, గరగరలాడలేదు. పరుగున ఖమ్మం బస్సెక్కాను.

"వచ్చింది చాచా!" అన్నాను మంచం పక్కన. వినపడలేదు. అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. "గట్ల ఒర్లకు. పక్కాయన ఇప్పుడే పండుకున్నడు" అని, తర్వాత అర్థమైనట్టు నా చెయ్యి పట్టుకున్నారు. "అవ్? వచ్చిందా?" అన్నారు. కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు కొద్దిసేపు ఉంది. "ఎవలెవలు వాయించిన్రు?" అని అడిగారు.

"నేనే చాచా."

"డ్రమ్ములు?"

"ఎవ్వలు లేరు."

"పాడిందెవలు?"

"ఎవ్వలు పాడలే."

ఆయన నా చెయ్యి వదల్లేదు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ, "ఒక్కదానివే వాయిస్తే ఏదైనా మంచిగనే ఉంటది బేటీ" అన్నారు. తప్పుపడుతున్నట్టు అనలేదు. ఎప్పటిలా నేర్పుతున్నట్టే అన్నారు. నేను తిరిగొచ్చిన వారానికే పోయారు. ఆ బాక్సును ఆయన వినలేదు. నాకు వచ్చిందని తోచినది నిజంగా వచ్చిందో లేదో చెప్పగలిగే చెవులు ఇక లేవు. తేల్చుకోవడానికి పదిమంది ఎక్కడున్నారు? కీబోర్డు తమ్ముడు ఇప్పుడు డీజేలో ఉన్నాడు.

నిన్న చాచీని చూడ్డానికి వెళ్ళాను. ఇద్దత్ గడువు నడుస్తోంది. మొగుడు పోయిన ఆమె ఆ రోజులన్నీ ఇంటి గడప దాటదు. కోడలు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది. తర్వాత చాచీ కొయ్యపని గది వైపు చూపించి, "ఆయన దానిమీదనే పానం పెట్టుకున్నడు. ఏమున్నదో అండ్ల, ఒక్కసారి ఇనిపియ్యి బిడ్డా" అన్నది. ఆమె పెళ్ళయిన కొత్తలో చాచా ఆమెకోసం ప్రతి కార్యక్రమంలో వాయించిన పాట ఒకటుందని మాకందరికీ తెలుసు. ఆమెకు అదంటే ప్రాణం. ఎన్ని వందలసార్లు విన్నదో. ఆ పాటలో ఆయన వాయించే బేసే ఎత్తుకున్నాను. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి, ఆయన వేళ్ళు ఎక్కడ ఆగేవో అక్కడ ఆగుతూ, ఒక్క సురం తప్పకుండా వాయించాను. బాక్సు కూడా ఎక్కడా తప్పు పోలేదు.

చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది.

"మంచిగున్నది" అన్నది. మొహమాటంగా, "ఏం పాట బిడ్డా ఇది?" అని అడిగింది.

చెప్పాను. "అవునా!" అన్నది. మళ్ళీ మొదటినుంచి వాయించమన్నది. వాయించాను. ఆమె పీట ముందుకు జరుపుకుని, బాక్సుకు చెవి దగ్గరగా పెట్టి, ఆ గుమ్‌గుమ్‌లో తన పాట ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చున్నది.